ఫ్రాన్స్వాజ్ సగాన్: తొలి రచనలు, విమర్శ

ఫ్రాన్స్వాజ్ సగాన్ (1935–2004) పద్దెనిమిదేళ్ల వయసులో వెలువరించిన తొలి నవల ‘బోంజూర్ త్రిస్తెస్’తో ప్రసిద్ధికెక్కిన ఫ్రెంచి రచయిత్రి. అసలు పేరు ఫ్రాన్స్వాజ్ క్వారెజ్. 1935 జూన్ 21న నైరుతి ఫ్రాన్స్‌లోని కజార్క్‌లో జన్మించింది. కలం పేరును మార్సెల్ ప్రూస్త్ నవలలోని ఒక పాత్ర నుంచి తీసుకుంది.

1953లో సొర్బాన్ విశ్వవిద్యాలయ పరీక్ష తప్పాక, ఆ వేసవిలోనే నవల పూర్తిచేసింది. రెనే జూలియార్ దానిని 1954 మార్చిలో ప్రచురించాడు. శీర్షిక పోల్ ఎలువార్ కవితలోనిది. భార్య పోయిన తండ్రి మళ్లీ పెళ్లికి సిద్ధపడగా, పదిహేడేళ్ల సెసిల్ దానిని చెడగొట్టేందుకు పన్నాగం పన్నడం, అది కాబోయే సవతితల్లి మరణానికి దారితీయడం కథావస్తువు. చిన్న వాక్యాలు, భావోద్వేగం అదుపులో ఉన్న ఉత్తమ పురుష కథనం దీని బలం. నాటి పాఠకులను కలవరపెట్టింది మాత్రం శైలి కాదు. పెళ్లికాని అమ్మాయి శారీరక సంబంధాన్ని అపరాధభావం లేకుండా చెప్పిన తీరు.

అదే ఏడాది మే నెలలో నవలకు విమర్శకుల బహుమతి లభించింది. నోబెల్ గ్రహీత, కేథలిక్ రచయిత ఫ్రాన్స్వా మోరియాక్ ‘ల ఫిగారో’ మొదటి పేజీలో ఆమెను ముచ్చటైన చిన్ని రాక్షసిగా అభివర్ణించాడు. నైతికంగా నొచ్చుకుంటూనే ప్రతిభను ఒప్పుకున్న ఈ మాట ఆమెకు జీవితాంతం బిరుదులా అంటుకుంది. 1955లో ఆంగ్లానువాదం అమెరికాలోనూ విశేషంగా అమ్ముడుపోయింది. నవల ఆధారంగా ఒట్టో ప్రెమింజర్ తీసిన సినిమా 1958లో వచ్చింది.

రెండో నవల ‘అన్ సెర్తెన్ సురీర్’ 1956లో వెలువడింది. 1957 ఏప్రిల్‌లో కారు ప్రమాదంలో తీవ్రంగా గాయపడిన తర్వాత, వేగమైన కార్లు, జూదం గురించిన వార్తలు తరచు ఆమె రచనల చర్చను మరుగుపరిచాయి.