దద్దుర్లన్నిటికీ ఒకే మందు తగదు

ఉప్పల్, నాచారం: ఒంటిపై దురద మొదలవగానే దుకాణంలో ఏదో ఒక ట్యూబు కొని పూయడం పరిపాటైంది. వీటిలో పలు మందుల్లో స్టెరాయిడ్ ఉంటుంది. తామరపై దాన్ని పూస్తే దురద తాత్కాలికంగా తగ్గినా శిలీంధ్రం మరింత విస్తరిస్తుంది. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూత మందులను షెడ్యూల్-హెచ్‌లో చేర్చింది. వైద్యుని చీటీ లేనిదే వాటిని విక్రయించరాదు.

పెద్దల్లో..
* పారిశ్రామికవాడల్లో నూనెలు, ద్రావకాలు, సిమెంటు తాకే చేతులు ఎర్రబారి పగులుతాయి. తొడుగులు ధరించాలి. పని ముగియగానే చేతులు కడిగి, తేమనిచ్చే లేపనం రాయాలి.
* వేళ్ల సందుల్లో పొక్కులు, రాత్రివేళ అధిక దురద గజ్జి లక్షణాలు. వైద్యుని సలహాపై ఇంటిల్లిపాదీ ఒకేరోజు 5 శాతం పర్మెత్రిన్ పూసుకుని, 8-14 గంటల తర్వాత స్నానం చేయాలి. వారానికి మరోసారి పూయాలి. దుస్తులు, దుప్పట్లు వేడినీటిలో ఉతకాలి.

శిశువుల్లో..
* చెమటకాయలకు పలుచని నూలు దుస్తులు, గాలి చాలు. పౌడరు అద్దరాదు.
* డైపర్ ఒరుపునకు తరచూ డైపర్ మార్చి, చర్మాన్ని ఆరనిచ్చి, జింక్ ఆక్సైడ్ లేపనం రాయాలి. తొడల మడతల్లోనూ ఎర్రబారి, చుట్టూ చిన్న పొక్కులు లేస్తే అది శిలీంధ్రం కావచ్చు. దానికి మందు వేరు.
* జ్వరం, దగ్గు, కళ్లు ఎర్రబడటంతో పాటు ముఖంపై మొదలైన దద్దు ఒళ్లంతా పాకితే తట్టుగా అనుమానించాలి.

జాప్యం వద్దు
జ్వరంతో పాటు, గాజుగ్లాసుతో నొక్కినా మాయని మచ్చలున్నా, పెదవులు వాచి ఊపిరి అందకున్నా వెంటనే 108కు ఫోన్ చేయాలి. సాధారణ దద్దుర్లకు బీమా కార్మికుల కుటుంబాలు నాచారం ఈఎస్‌ఐ ఆసుపత్రిని, ఇతరులు సమీప బస్తీ దవాఖానాను సంప్రదించవచ్చు.