చేదు చెట్టుది, పేరు లెడ్జర్‌ది. మరి మమానీ ఎవరు?



జ్వరమొస్తే మన ఇళ్లలో నేలవేము కషాయం పడతారు కదా. ఆ చేదు మన కోసం పుట్టింది కాదు. మొక్క పెరగడానికి చక్కెరలు, ప్రొటీన్లు కావాలి. కానీ పురుగొస్తే మొక్క పారిపోలేదు, పశువొస్తే తన్నలేదు. అందుకే చేదు, ఘాటు, విషం తయారుచేసుకుంటుంది. బోటనీలో వీటినే ద్వితీయ జీవక్రియా ఉత్పన్నాలు అని చదువుతాం. ఆల్కలాయిడ్లు, టానిన్లు, టెర్పీన్లు అన్నీ ఇవే. ఏ చేదు ఏ రోగానికి పనికొస్తుందో ముందు తెలుసుకున్నది మాత్రం అడవిలో బతికినవాళ్లు. వాళ్లలో ఒకాయన కథ ఇది.

దక్షిణ అమెరికా ఆండీస్ కొండల్లో సింకోనా చెట్టు ఉంటుంది. దాని బెరడులోని చేదు క్వినైన్ అనే ఆల్కలాయిడ్. మలేరియా క్రిమి మన ఎర్ర రక్తకణాల్లో దూరి హిమోగ్లోబిన్ తింటుంది. తినగా మిగిలే హీమ్ దానికే విషం. అందుకే దాన్ని స్ఫటికాలుగా మార్చేసి బతుకుతుంది. క్వినైన్ ఆ పనికి అడ్డుపడుతుంది.

1600ల్లో జెసూట్ మతగురువులు ఈ బెరడును యూరప్‌కు చేర్చారు. 1820లో పారిస్‌లో పెల్లెటియర్, కావెంటూ దాన్నుంచి క్వినైన్ వేరుచేశారు. ఇక ఆఫ్రికా, ఆసియా దేశాల్ని ఏలడానికి తెల్లవాళ్లకు తుపాకీతో పాటు ఇదీ కావాల్సి వచ్చింది. విత్తనాల కోసం వేట మొదలైంది.

ఏ చెట్టులో మందు ఎక్కువుందో వాళ్లకు తెలియదు. బొలీవియా ఆదివాసి మాన్యుయెల్ ఇంక్రా మమానీకి తెలుసు. చార్లెస్ లెడ్జర్ అనే ఇంగ్లిష్ వ్యాపారి దగ్గర ఆయన పనిచేసేవాడు. మంచుకు కాయలు పాడైపోతుంటే ఏళ్ల తరబడి కాచుకుని, 1865లో మేలైన విత్తనాలు తెచ్చిచ్చాడు. బ్రిటిష్ ప్రభుత్వం వద్దంటే డచ్చివాళ్లు కొంత కొని జావాలో నాటారు. ఆ చెట్ల బెరడులో క్వినైన్ మిగతా రకాల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. రెండో ప్రపంచ యుద్ధం నాటికి ప్రపంచంలోని క్వినైన్‌లో 90 శాతానికి పైగా జావాదే.

మరి మమానీ? మళ్లీ విత్తనాలకు వెళ్లి పట్టుబడ్డాడు. జైల్లో పెట్టి కొట్టారు. 1871లో చనిపోయాడు. ఆ చెట్టు రకానికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు లెడ్జెరియానా. కనిపెట్టినవాడి పేరు చెట్టు మీద లేదు. ఆండీస్ ప్రజల కెచువా భాషలో బెరడును 'కినా' అంటారు. క్వినైన్ అన్న పేరులో ఆ మాటొక్కటే మిగిలింది.

మన దగ్గర 2002 నుంచి జీవవైవిధ్య చట్టం ఉంది. దాని కింద ఊరి మొక్కలు, వాటి గురించి పెద్దలకు తెలిసిన సంగతులు ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లో రాయాలి. బయటివాళ్లు వ్యాపారానికి వాడుకుంటే లాభంలో మనకు వాటా అడిగే హక్కు కూడా ఆ చట్టంలో ఉంది. మీ పంచాయతీలో ఆ రిజిస్టరు ఉందా? ఈసారి సెలవులకు ఊరెళ్లినప్పుడు అడగండి. ఉంటే తెరిచి చూడండి, అందులో మన పెద్దల మాట ఉందో లేదో.