దయ్యాల కథల వెనుక దాగిన చరిత్ర

పాడుపడిన కోట, మూతబడిన బంగళా, ఊరి వెలుపలి శ్మశానం - వీటిని గురించి దయ్యాల కథలు పుట్టని ఊరు మన దేశంలో అరుదు. అర్ధరాత్రి ఆర్తనాదాలు, గజ్జెల సవ్వడి, తెల్లచీర కట్టిన స్త్రీ ప్రతిచోటా ఒకే అచ్చులో పోసినట్లు వినిపిస్తాయి. వీటిని మూఢనమ్మకాలని త్రోసిపుచ్చడం ఉపాధ్యాయులమైన మాకు సులభమే. కాని ఒక స్థలాన్ని తలచుకొని జనులు ఎందుకు భయపడుతున్నారని విచారించినప్పుడు, ఆ భయం అడుగున ఒక్కొక్కసారి నిజంగా జరిగిన దారుణమో, ఎవరూ కన్నీరు కార్చని మరణమో బయటపడుతుంది. మనం నివసించే బెంగుళూరు నగరమే ఇందుకు నిదర్శనం.

1537లో కెంపేగౌడ ఈ నగరానికి మట్టికోట కట్టించాడు. దక్షిణపు వాకిలి పగలు నిలబెడితే రాత్రికి కూలిపోయేదని, గర్భవతిని బలి ఇస్తేగాని నిలవదని చెప్పగా, ఆయన కోడలు లక్ష్మమ్మ నడిరేయి ఒంటరిగా వెళ్లి తన్ను తాను బలి ఇచ్చుకొన్నదని ఐతిహ్యం. కోరమంగలలో ఆమె స్మారకం ఉన్నది. మన తెలుగువారికి ఇది కొత్త కథ కాదు. అనంతపురం సమీపాన బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగకుండా ఆత్మార్పణ చేసుకొన్న ముసలమ్మ కూడా ఒక ఇంటి కోడలే. కట్టమంచి రామలింగారెడ్డిగారు ఆ కథనే 'ముసలమ్మ మరణము' అను కావ్యంగా రచించారు. కోటకైనా చెరువుకైనా బలి కావలసివచ్చినప్పుడు ఎన్నిక కోడలి మీదనే ఎందుకు పడినదో మన ఆడపిల్లలు, మగపిల్లలు కూడా ఆలోచించవలసిన విషయం. దేవతగా పూజించుట ఒక ఎత్తు. ఆమెకు జరిగిన అన్యాయాన్ని గుర్తించుట మరొక ఎత్తు.

ఆ మట్టికోటకు దక్షిణంగా ఉన్న కోటను 1761లో హైదరాలీ రాతితో పునర్నిర్మించాడు. మూడవ మైసూరు యుద్ధంలో, 1791 మార్చి 7న కారన్‌వాలీసు సేనలు పేటను పట్టుకొన్నవి. రెండు వారాలు ఫిరంగులతో గోడలను పగులగొట్టి, మార్చి 21 రాత్రి వెన్నెలలో కోటలో చొరబడినవి. కోటను కాపాడుతూ కిల్లేదారు బహదూర్ ఖాన్ ప్రాణాలు విడిచాడు. నడుము వరకు తెల్లని గడ్డం గల డెబ్బై ఏండ్ల వృద్ధుడని ఆంగ్లేయులే ఆయనను గౌరవంతో వర్ణించారు. ఆయనతోపాటు ఆ ఒక్క రాత్రి సుమారు వెయ్యిమంది మైసూరు సైనికులు నేలకొరిగారు. కిల్లేదారు దేహాన్ని పంపుతామని కారన్‌వాలీసు కబురు చేయగా, ఆయన పోరాడి పడిన చోటనే ఖననం చేయుట సముచితమని టిప్పు సుల్తాను బదులు చెప్పినాడట. కృష్ణరాజ మార్కెట్టు కూడలి దగ్గరి దర్గా ఆయనదేనని ప్రతీతి.

ఆ యుద్ధకాలంలో చనిపోయిన ఆంగ్ల సైనికాధికారుల పేర్లతో నగరంలో ఒక రాతిస్తంభం నిలిచింది. స్వాతంత్ర్యానంతరం, 1964లో, దానిని తొలగించారు. కోటగోడపైన ఆంగ్లేయులు ఏ గండి గుండా లోపలికి వచ్చారో తెలిపే ఫలకం మాత్రం నేటికీ ఉన్నది. అయితే, కోట కోసం చనిపోయిన ఆ వెయ్యిమందిలో ఎందరి పేర్లు మనకు తెలుసు? గెలిచినవారి మృతులకు శిల దొరికింది. ఓడినవారి మృతులకు గుర్తే దొరకలేదు. ఒకప్పటి యుద్ధభూమిలో తరువాత మార్కెట్టు వెలసింది. నేడు కోటలో మిగిలినది ఢిల్లీ దర్వాజా, మరికొంత భాగం మాత్రమే. అక్కడ తెల్లవారుజామున పూలు కొనేవారిలో ఎందరికి ఈ సంగతి తట్టును?

యుద్ధం కంటె భయంకరమైన మృత్యువు 1898లో రైలు మార్గాన వచ్చింది. ఆ ఆగస్టులో నగరంలో ప్రవేశించిన ప్లేగు వ్యాధి ఇరుకు వీధుల్లో దావానలంలా వ్యాపించింది. జనులు ఇండ్లకు తాళాలు వేసి ఊరి వెలుపల పాకల్లో తలదాచుకొన్నారు. చాలామందికి ఆత్మీయుల అంత్యక్రియలు యథావిధిగా జరుపుకొనే అవకాశం లేకపోయింది. వ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని 1894లోనే హాంకాంగ్‌లో కనుగొన్నా, సామాన్యులకు దిక్కు ప్లేగు మారమ్మ ఒక్కతే. ఆ తల్లి గుళ్లు నగరంలో ఇప్పటికీ ఉన్నాయి. విశాలమైన వీధులతో బసవనగుడి, మల్లేశ్వరం విస్తరణలు రూపుదిద్దుకొన్నది ఆ కాలంలోనే. మనం మెచ్చుకొనే ఆ చెట్లనీడల వెనుక అంతటి దుఃఖమున్నది.

భయం పుట్టుటకు పాత కోటలే కానక్కరలేదు. 1990ల ప్రాంతంలో ఒక దయ్యం రాత్రివేళ అయినవారి గొంతుతో తలుపు తడుతుందని వదంతి పుట్టి, బెంగుళూరు తలుపుల మీద 'నాళె బా' అని వ్రాసుకొన్నారు. తెలుగునాట అదే వదంతి 'ఓ స్త్రీ రేపు రా' అయినది. అక్కడ కూడా దయ్యం స్త్రీయే కావడం గమనింపదగినది. అన్యాయానికి గురైనవారినే భయపెట్టేవారిగా ఊహించుకొనుట మానవుల పాత అలవాటు.

తల్లిదండ్రులకు, పూర్వవిద్యార్థులకు ఈ జూబిలీ వేళ నా మనవి ఒక్కటే. పిల్లలకు దయ్యాల కథలు చెప్పవద్దని నేననను, కథ ముగిసిన తరువాత "అక్కడ నిజంగా ఏమి జరిగింది?" అనే ప్రశ్న వారికి నేర్పండి. ఒక ఆదివారం ఢిల్లీ దర్వాజా దగ్గరకు తీసుకొని వెళ్లి బహదూర్ ఖాన్ పేరు, లక్ష్మమ్మ పేరు చెప్పండి. పేరు తెలిసిన మృతుడు పిల్లవానికి దయ్యం కాడు, పూర్వికుడవుతాడు. భయం స్థానంలో కృతజ్ఞతను నిలుపుటయే చరిత్ర బోధన పరమార్థము.