రోడ్స్ పియానో: మెట్ల ఎత్తు, ఫెల్టు
అమెరికాకు చెందిన హెరాల్డ్ రోడ్స్ రూపొందించిన విద్యుత్ పియానో ఇది. సాధారణంగా 73 లేదా 88 మెట్లుంటాయి. ప్రతి చెక్క మెట్టూ నడుమనున్న పిన్నుపై త్రాసుకోలలా ఊగుతుంది. ఆ పిన్ను చుట్టూ ఉండే ఫెల్టు బిళ్ల మెట్టు ఎత్తును, ముందువైపు బిళ్ల అది దిగే లోతును నిర్ణయిస్తాయి. లోతు సుమారు 10 మిల్లీమీటర్లు.

ఏళ్ల వాడకంతో ఫెల్టు అణిగిపోతుంది, చిమ్మటలూ కొరుకుతాయి. దాంతో మెట్ల వరుస ఎగుడుదిగుడవుతుంది. కుంగిన మెట్టును తీసి, ఫెల్టు అడుగున పలుచని కాగితపు బిళ్లలు చేర్చి ఎత్తు పెంచుతారు. ఫెల్టు బాగా అరిగితే కొత్తది వేస్తారు. మెట్టు పక్కలకు కదులుతుంటే పిన్ను రంధ్రంలోని ఫెల్టు అరిగినట్టు. తేమకు అది ఉబ్బితే మెట్టు బిగుసుకొని ఆలస్యంగా లేస్తుంది. ముందు ఎత్తు, తర్వాత లోతు, చివరగా మెట్టు నొక్కితే కదిలే సుత్తులు సరిచేయాలి.