గేమింగ్ కంప్యూటర్లో బాటిల్‌నెక్

గేమింగ్ కంప్యూటర్లో ఒక భాగం తన పని ముగించేదాకా మరొక భాగం ఖాళీగా ఎదురుచూడాల్సి వచ్చే స్థితిని బాటిల్‌నెక్ అంటారు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డుల విషయంలో ఈ మాట ఎక్కువగా వినిపిస్తుంది. పాతబడిన కంప్యూటర్లో ఈ రెండింటిలో ముందు ఏది మార్చాలో దీన్నిబట్టే తేలుతుంది. ఇది ఒకే భాగానికి అంటిపెట్టుకుని ఉండే లోపం కాదు. అదే కంప్యూటర్లో ఆట మారినా, రిజల్యూషన్ మారినా బాటిల్‌నెక్ చోటు మారుతుంది.

పని విభజన

తెరపై కదిలే ఆట వెంటవెంటనే వచ్చే నిశ్చల చిత్రాల వరస. ఒక్కో చిత్రం ఒక ఫ్రేమ్. ఆటగాడు నొక్కిన మీటకు స్పందించడం, శత్రువుల కదలికలు నిర్ణయించడం, ఏది దేన్ని ఢీకొన్నదో లెక్కకట్టడం, ఏమేం గీయాలో ఆదేశాలు సిద్ధం చేయడం ప్రాసెసర్ పని. ఆ ఆదేశాల ప్రకారం ఆకృతులు, వెలుగునీడలు, ప్రతి పిక్సెల్ రంగు తేల్చడం గ్రాఫిక్స్ కార్డు పని. ఇంటి కంప్యూటర్లలో 1990ల చివరిదాకా ఆకృతుల స్థానం, వాటిపై పడే వెలుగు లెక్కలు కూడా ఎక్కువగా ప్రాసెసరే చేసేది. 1999లో ఎన్విడియా తెచ్చిన జీఫోర్స్ 256 ఆ భారాన్ని కార్డు మీదికి మార్చింది. గీసే ఆదేశాలు పంపడంలో ప్రాసెసర్‌పై పడే శ్రమను 2015లో డైరెక్ట్‌ఎక్స్ 12, 2016లో వల్కన్ అనే గ్రాఫిక్స్ ఇంటర్‌ఫేస్‌లు తగ్గించాయి.

ఫ్రేమ్ కాలం

సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కోటి సుమారు 16.7 మిల్లీసెకన్లలో, 144 రావాలంటే 6.9 మిల్లీసెకన్లలో సిద్ధం కావాలి. కార్డు ఒక ఫ్రేమ్‌ను గీస్తుండగానే ప్రాసెసర్ తర్వాతిదాన్ని మొదలుపెడుతుంది. అందుకే మొత్తం వేగం రెండు కాలాల కూడికను బట్టి కాక, వాటిలో ఎక్కువైనదాన్ని బట్టి ఉంటుంది. మాలు అందడం ఆలస్యమైతే మేస్త్రీ ఎంత చురుకైనవాడైనా గోడ లేవదు.

ఉదాహరణకు ప్రాసెసర్‌కు 12, కార్డుకు 16 మిల్లీసెకన్లు పడితే సెకనుకు దాదాపు 62 ఫ్రేములు వస్తాయి. రెట్టింపు వేగమున్న కార్డు పెడితే దాని వాటా 8కి దిగుతుంది. అయినా వచ్చేవి 125 కాదు, 83 మాత్రమే. ఇక ఆపుతున్నది ప్రాసెసర్.

గుర్తించే పద్ధతి

ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్, ప్రెజెంట్‌మాన్ వంటి ఉపకరణాలు ఆట నడుస్తుండగానే కొలతలు చూపుతాయి. కార్డు వినియోగం 95 శాతం దాటి నిలకడగా ఉంటే బాటిల్‌నెక్ సాధారణంగా కార్డుదే. అది బాగా తక్కువగా ఉండి, ఫ్రేములకు వేరే పరిమితి ఏదీ పెట్టకపోతే అనుమానం ప్రాసెసర్ మీదికి వెళ్తుంది. ప్రాసెసర్ మొత్తం వినియోగ శాతాన్ని మాత్రం నమ్మడానికి లేదు. ఒకేసారి 16 పనుల వరసలు (థ్రెడ్లు) నడిపే ప్రాసెసర్లో ఒక్క థ్రెడ్ పూర్తిగా నిండినా మొత్తంలో అది 6 శాతంగానే కనిపిస్తుంది. ఆట ఆగిపోయేది ఆ ఒక్క థ్రెడ్ దగ్గరే కావచ్చు.

పైసా ఖర్చు లేని పరీక్ష రిజల్యూషన్ తగ్గించి చూడడం. ఫ్రేములు బాగా పెరిగితే కార్డు, దాదాపు కదలకపోతే ప్రాసెసర్ అడ్డుపడుతున్నట్టు లెక్క.

రిజల్యూషన్, ఆటల స్వభావం

1920×1080 (1080పీ) తెరలో సుమారు 20.7 లక్షల పిక్సెళ్లుంటే, 3840×2160 (4కె) తెరలో 82.9 లక్షలు, అంటే సరిగ్గా నాలుగు రెట్లు. పిక్సెళ్లు పెరిగితే కార్డు భారం పెరుగుతుంది, ప్రాసెసర్ పని దాదాపు అంతే ఉంటుంది. కాబట్టి 4కె తెర ఉన్నవారికి సాధారణంగా కార్డు మార్పే ఎక్కువ ఫలితమిస్తుంది. 1080పీలో 240 హెర్ట్జ్ (సెకనుకు 240 సార్లు చిత్రం మార్చే) తెరపై కౌంటర్-స్ట్రైక్ 2, వాలరెంట్ వంటి పోటీ ఆటలు ఆడేవారికి ప్రాసెసరే కీలకం. సిటీస్: స్కైలైన్స్ వంటి అనుకరణ ఆటల్లో ఊరు పెరిగేకొద్దీ ప్రాసెసర్ భారం పెరుగుతుంది. సైబర్‌పంక్ 2077లో వెలుగు దారులను లెక్కకట్టే పాత్ ట్రేసింగ్ పెడితే భారం ప్రధానంగా కార్డు మీదే.

డీఎల్‌ఎస్‌ఎస్, ఎఫ్‌ఎస్‌ఆర్ వంటి అప్‌స్కేలింగ్ పద్ధతులు ఆటను తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేస్తాయి. కార్డు బరువు దించుతాయి కానీ ప్రాసెసర్ అడ్డుపడుతున్న చోట వీటివల్ల పెద్దగా లాభం లేదు.

మార్పులో సాధకబాధకాలు

కార్డు మార్చడం తేలిక. అయితే కేబినెట్‌లో దానికి చోటు, విద్యుత్ సరఫరా యూనిట్ సామర్థ్యం చూసుకోవాలి. పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ నుంచి కార్డు గరిష్ఠంగా 75 వాట్లే తీసుకోగలదు. ఆపైన కావాలంటే వేరే కేబుల్ ఉండాలి. 8 పిన్నుల కనెక్టర్ ప్రమాణం 150 వాట్లు. తర్వాత కొత్త కంప్యూటర్ కట్టుకున్నా అదే కార్డును అందులోకి మార్చుకోవచ్చు.

ప్రాసెసర్ మార్చే ఖర్చు అది అమరే మదర్‌బోర్డు సాకెట్‌పై ఆధారపడుతుంది. 2017లో మొదటి రైజెన్ ప్రాసెసర్ల కోసం ఏఎం4 సాకెట్ బోర్డు కొన్న చాలామంది, బయోస్ నవీకరించి 2022లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీని అందులోనే బిగించుకోగలిగారు. 96 ఎంబీ ఎల్3 క్యాష్ వల్ల అప్పట్లో ఆటల్లో అది ముందుండేది. ఇంటెల్ విషయంలో 2017 నాటి ఎనిమిదో తరం ప్రాసెసర్లకు సాకెట్ పేరు ఎల్‌జీఏ 1151గానే ఉన్నా, అంతకుముందరి 200 శ్రేణి బోర్డుల్లో అవి పనిచేయలేదు. 2022లో వచ్చిన ఏఎం5 సాకెట్‌కు మారాలంటే బోర్డుతోపాటు డీడీఆర్5 మెమరీ కూడా కొనాలి.

ఈ ఖర్చులకు దిగే ముందు చవకైన కారణాలను తొలగించుకోవాలి. ర్యామ్ ఒకే స్టిక్‌గా ఉంటే రెండో మెమరీ ఛానెల్ ఖాళీగా ఉండి, ప్రాసెసర్‌కు డేటా నెమ్మదిగా అందుతుంది. దుమ్ము పట్టిన ఫ్యాన్ వల్ల వేడెక్కితే ప్రాసెసర్, కార్డు రెండూ తమ వేగం తగ్గించుకుంటాయి. తెర 60 హెర్ట్జ్‌దే అయి, ఆట ఇప్పటికే నిలకడగా 60 ఫ్రేములు ఇస్తుంటే, ఏది మార్చినా కంటికి కనిపించే తేడా తక్కువే. అప్పుడు అడ్డుగా ఉన్నది తెరే.