పక్షవాత రోగి తిరిగి నడుచునా?

ఇంటిలో పెద్దవారికి హఠాత్తుగా మూతి వంకరపోయి, ఒక ప్రక్క చేయీ కాలూ పడిపోయినప్పుడు వైద్యుని అడిగే మొదటి ప్రశ్న రోగము పేరేమని కాదు, "మళ్ళీ లేచి నడుస్తారా?" అని. ఈ ప్రశ్నకు జవాబు వెదకిన చరిత్ర చాల పాతది.

రోగము సుఖసాధ్యమో, కష్టసాధ్యమో, యాప్యమో, అసాధ్యమో నిర్ణయించుకొని చికిత్సకు పూనుకోవలెనని మన ఆయుర్వేదము విధించినది. యాప్యమంటే నయము కాకపోయినా మందుతో అదుపులో ఉండేది. 1957లో గ్లాస్గోలో జాన్ రాంకిన్ అనే వైద్యుడు పక్షవాత రోగుల స్థితికి అయిదు తరగతులు ఏర్పరచినాడు. సవరణలతో అది నేటికీ వాడుకలో ఉన్నది: ఏ లక్షణమూ మిగలకపోతే 0, మరణిస్తే 6.

రక్తపు గడ్డను కరిగించే మందు వచ్చిన తరువాత ప్రశ్న మరింత చిక్కుపడినది. 1995లో అమెరికాలో ప్రకటించిన పరీక్షలో 624 మంది రోగులు. మూడు గంటలలోపల మందు పొందినవారు మూడు నెలలకు మెరుగుగా కోలుకొన్నారు. కాని తొలి 36 గంటలలో మెదడులో ప్రమాదకరమైన రక్తస్రావము మందు పొందినవారిలో నూటికి 6.4, పొందనివారిలో 0.6. కనుక మందిస్తే ఎట్లుండును, ఇవ్వకపోతే ఎట్లుండునని తెలియవలెను. ఒకే రోగిపై రెండూ చేసి చూడలేము గదా!

2018లో డెన్మార్క్ పరిశోధకులు దీనికొక యుక్తి పన్నినారు. డీప్ లెర్నింగ్ అంటే కంప్యూటరుకు సూత్రాలు చెప్పకుండ, ఫలితము తెలిసిన ఉదాహరణలు చూపి, పొరలు పొరలుగా పేర్చిన గణితముతో తానే నేర్చుకొనేటట్లు చేయడము. మందు పొందిన రోగుల ఎం.ఆర్.ఐ. చిత్రాలతో ఒక నమూనాకు, పొందనివారి చిత్రాలతో మరొకదానికి వారు చదువు చెప్పినారు. కొత్త రోగి చిత్రము చూపితే, మెదడులో చివరకు ఎంత భాగము చెడునో రెండూ చెప్పును; ఆ రెంటి తేడాయే మందు చేసే మేలు. అధ్యయనములోని రోగులు 222 మంది మాత్రమే.

నాకిక్కడ ఒక సందేహము. యంత్రము ఎవరిని చూచి నేర్చుకొన్నదో వారివంటి వారికే దాని జోస్యము చెల్లును. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రి వైద్యులు 393 మంది రోగులను నమోదుచేసి 2002లో ప్రకటించిన పరిశీలనలో, పుర్రె లోపలి రక్తనాళాలు ఇరుకై వచ్చిన పక్షవాతమే ప్రముఖముగా కనిపించినది. పాశ్చాత్యులలో ఈ కారణము అంత తరచు కాదు. అక్కడ చదివిన యంత్రము ఇక్కడివారిని "అసాధ్యము" అని తప్పుగా తేల్చితే, ఆ మాట విని మందు మానివేస్తే, జోస్యము దానంతటదే నిజమై కూర్చుండును, తప్పు బయటపడదు. మన రోగుల ఫలితాలతో సరిచూడక దానిని వాడరాదని నా అభిప్రాయము.

విజయవాడ రహదారిపై అబ్దుల్లాపూర్‌మెట్‌లో జబ్బుపడినవాని సంగతి చూడండి. అతడు నగరములోని స్కానరు చేరిన తరువాతనే యంత్రము పని మొదలగును. గడ్డ కరిగించే మందుకు సాధారణ గడువు నేడు నాలుగున్నర గంటలు; దారిలో గడిచినదీ అందులోనిదే. ఆసుపత్రిలో డాక్టరు మొదట అడిగేది, రోగి చివరిసారి బాగుగా కనిపించినది ఎన్ని గంటలకని. ఇంటివారు ఆ వేళ గుర్తుంచుకొని చెప్పవలసి ఉండును.