కొలిచినది ప్రజ్ఞయేనా?

హిందూపురం మార్కెట్టులో ఒక చింతపండు మూటను ఒకే తక్కెడలో పదిసార్లు తూచినను ఒకే బరువు వచ్చెననుకొందము. ఆ తక్కెడ నమ్మదగినదే. కాని ఆ బరువును చూపి "ఈ పండు ఇంత పులుపు" అను వర్తకుని ఎవరు నమ్ముదురు? మాటిమాటికి ఒకే ఫలితము వచ్చుట విశ్వసనీయత. కొలువదలచినదానినే కొలుచుట సప్రమాణత. మనస్తత్వ శాస్త్రమునకు ఈ భేదము తెలిసివచ్చిన కథ ఉపాధ్యాయులు ఎరుగదగినది.

1905లో పారిస్ నగరమున ఆల్ఫ్రెడ్ బినే, థియొడోర్ సిమోన్ తమ ప్రజ్ఞా పరీక్షను ప్రకటించిరి. చదువులో ప్రత్యేక సహాయము కావలసిన పిల్లలను గుర్తించుటయే వారి ఉద్దేశము. అమెరికాలో హెన్రీ గొడార్డ్ 1913లో బినే పరీక్షలను ఎల్లిస్ దీవిలో దిగిన వలసదారులకు పెట్టించెను. దుబాసీల ద్వారా ప్రశ్నలడిగి, పరీక్షించిన కొద్దిమందిలో అధికసంఖ్యాకులు మందబుద్ధులని 1917లో వ్రాసెను. ఓడప్రయాణపు బడలిక, పరభాష, కొత్తచోటి బెదురు, ఇవన్నియు లెక్కలో బుద్ధిలోపముగా మారుటకు అవకాశము కలిగెను.

ఈ చిక్కు మనకు దూరమైనది కాదు. హిందూపురం ప్రాంతమున ఇంట కన్నడము, బడిలో తెలుగు మాటలాడు పిల్లలు కలరు. తెలుగు పదములతో కూడిన పరీక్షలో అట్టి పిల్లవానికి మార్కులు తగ్గినచో, కొరవడినది ప్రజ్ఞయా, పదసంపదయా? ధార్వాడలో వి. వి. కామత్ బినే పరీక్షలను కన్నడ, మరాఠీ పిల్లలకు తగినట్లు సవరించి, ఆ కృషిని 1940లో గ్రంథముగా వెలువరించెను.

సి. ఎం. భాటియా మరియొక అడుగు వేసెను. 1955లో వెలువడిన ఆయన పరీక్షలలో రంగుదిమ్మెలను మాదిరి ప్రకారము పేర్చుట, బొమ్మ ముక్కలను కలుపుట వంటి పనులు కలవు. చదువురాని బాలురకు వేరుగా ప్రమాణములను ఏర్పరచెను.

అయినను ప్రశ్న తీరలేదు. ధర్మవరంలో మగ్గము ప్రక్కన పెరిగి, పట్టుచీరపై బుటాలు ఏర్పడుట నిత్యము చూచిన పిల్లవాడు ఆ దిమ్మెలను చకచక పేర్చెననుకొందము. పెనుకొండ కొండ క్రింద గొర్రెలు కాయు బాలుడు తడబడెననుకొందము. భేదము ప్రజ్ఞలోనిదా, అలవాటులోనిదా? ఆ మార్కులు మాత్రమే చూచి చెప్పజాలము.

1955లోనే లీ క్రోన్‌బాక్, పాల్ మీల్ అను అమెరికను శాస్త్రజ్ఞులు ఈ విషయమై ప్రసిద్ధ వ్యాసము ప్రకటించిరి. కంటికి కనబడని గుణమును కొలిచితిమనుటకు ఒక్క సాక్ష్యము చాలదనియు, ఆ గుణమును గూర్చిన సిద్ధాంతము ఊహించు ఫలితములు నిజముగా కనబడుచున్నవేమో పలువిధముల చూడవలెననియు వారి వాదము. దీనిని నిర్మాణ సప్రమాణత అందురు. సప్రమాణత పరీక్షాపత్రమునకు కాక, మార్కులనుండి మనము చేయు నిర్ణయమునకు చెందినదని తరువాతి శాస్త్రజ్ఞులు స్పష్టము చేసిరి.

కనుక ఒక బాలుని మందబుద్ధియని తీర్పు చెప్పుటకు ముందు, ఆ పరీక్ష నిజముగా దేనిని కొలిచినదో విచారింపవలెను. బరువు సరియే కావచ్చును. పులుపు మాట వేరు.